క్లెమ్ వస్తున్నాడు, స్విచ్చిలు జాగ్రత్త

క్లెమ్ ఆడ్జర్స్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. పని లేకుండా వెలిగేదాన్ని గానీ, తిరిగేదాన్ని గానీ, మరిగేదాన్ని గానీ చూస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. లేచి వెళ్ళి ఆర్పేస్తాడు. అది ఎవరిది, ఎందుకు వెలుగుతోంది, ఆర్పితే ఏమవుతుంది అన్న విచారణ ఉండదు. టెరింగీలో పుట్టిన పిల్లలకి అమ్మ, నాన్న అన్న మాటల తర్వాత వచ్చే మూడోమాట "క్లెమ్ ఆపేశాడు" అని ఊళ్ళో చెప్పుకునేవారు.

ఆ మూడోమాట అందరికన్నా ఎక్కువసార్లు అనవలసివచ్చిన మనిషి నెరిడా హైన్రిక్. అడిలైడ్ కొండల్లో, ఆపిల్ తోటల పక్కన ఆమెకొక చిన్న వర్క్‌షాపు ఉంది. అడవుల్లో మంటలు లేచినప్పుడు జీతం భత్యం లేకుండా పరుగెత్తే ఊరివాళ్ళ దళాలకి అక్కడ పేజర్లు, అంటే పిలుపు వినిపించే జేబు రేడియోలు, తయారుచేస్తారు. తండ్రి నుంచి ఆమెకి సంక్రమించినవి వర్క్‌షాపు, అందులో ఒక కట్టెల పొయ్యి, దాని పక్కన కుర్చీలో క్లెమ్. మొదటి రెండూ కావాలంటే అమ్ముకోవచ్చు. మూడోది ఎవరూ కొనరు.

ఆ వర్క్‌షాపులో మరిగిన నీళ్ళతో టీ తాగినవాడు లేడు. కెటిల్ సన్నగా పాట అందుకోగానే క్లెమ్ గోడ మీది స్విచ్చి నొక్కేసేవాడు. టీకి ఆ వేడి చాలట, ఆపైన పెట్టేదంతా ఆవిరికి దండగట. నెరిడా కెటిల్‌కి కాపలా నిలబడేది. ఫోను మోగి అటు తిరిగిందంటే ఇటు చల్లటి టీయే.

పాత పోస్టుమాస్టరు అంత్యక్రియల్లో పాస్టరు గారు ప్రసంగం మొదలుపెట్టగానే క్లెమ్ మునివేళ్ళ మీద వెళ్ళి ఆర్గన్ స్విచ్చి ఆపేసి వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు. ప్రసంగం ముగిసింది. జనమంతా పాటకి లేచి నిలబడ్డారు. ఆర్గన్ వాయించే ఆవిడ పది వేళ్ళూ ఆనించి నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. నెరిడా మోచేత్తో క్లెమ్ డొక్కలో పొడిచి, మీరేనా అని పళ్ళ బిగువున అడిగింది.

"ఆయన మాట్లాడుతుంటే ఆవిడ వాయించట్లేదు కదా," అన్నాడు క్లెమ్.

"అయితే?"

"అయితే ఎందుకు వెలగాలి? పోయినాయన కూడా పొదుపరే. ఏమీ అనుకోడు."

దళానికి కెప్టెన్ వాలీ ట్రెగెన్జా. క్లెమ్‌తో కలిసి బడికి ఎగనామం పెట్టిన చిన్ననాటి స్నేహితుడు. వాలీ ఒకరోజు కొట్టు ముందు బండి నిలిపి, ఇంజను ఆపకుండానే ఎవరితోనో కబుర్లలో పడ్డాడు. క్లెమ్ కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేసి, ఆ తాళంచెవి తెచ్చి వాలీ చొక్కా జేబులో వేసి, తన దారిన పోయాడు. ఆ బండి బ్యాటరీ అసలే అంతంతమాత్రం. వాలీ దాన్ని కొండ దిగేదాకా తోసుకుంటూ పోయాడు.

"ఒరేయ్ క్లెమ్," అన్నాడు మర్నాడు రొప్పు తగ్గాక, "రేపు నువ్వు పోయాక శవపేటికలోంచి చెయ్యి బయటపెట్టి దాన్ని మోసుకుపోయే బండి కూడా ఆపేస్తావురా."

"దాని ఇంజను ఆగి ఉంటే ఆపను," అన్నాడు క్లెమ్.

ఎంగిలిచేత్తో కాకిని తోలని రకం అని ఊరు ఆయనకి పేరు పెట్టేసింది. నెరిడాకి మాత్రం ఆ లెక్క కుదిరేది కాదు. పిసినారి తన దీపం ఆర్పుకుంటాడు. ఈయన పరాయివాళ్ళ దీపాలు ఆర్పి వాళ్ళకి లాభం, తనకి తిట్లు మిగుల్చుకుంటాడు. ఇదేం పిసినారితనమో ఆమెకి అంతుపట్టలేదు.

పైగా ఆయన తనని తాను కూడా ఆర్పేసుకునేవాడు. మీటింగు మొదలవగానే చేతులు కట్టుకుని, గడ్డం గుండెకి ఆనించి, కళ్ళు మూసేవాడు. ఊపిరి కూడా సగమే తీస్తున్నాడేమో అనిపించేది. కాళ్ళ దగ్గర ఆయన కుక్క డస్టీ కూడా అదే భంగిమలో పడుకునేది. బయటినుంచి వచ్చిన పెద్దమనుషుల ముందు నెరిడాకి తల కొట్టేసినట్టు ఉండేది. తీరా ఎవరైనా ఒక అంకె తప్పు చెప్పారో, ఒక కన్ను తెరుచుకుని, "కాదు" అనేది. మళ్ళీ మూసుకునేది. తర్వాత చూసుకుంటే కాదే.

"క్లెమ్, మీరు నిద్రపోతున్నారా?" అని ఒకసారి అందరి ముందే నిలదీసింది.

"లేదు. వింటున్నాను. మిగతావన్నీ ఆపేశాను."

నిజానికి ఆయన విద్యే అది. పేజర్ అన్నది ఇరవైనాలుగు గంటలూ చెవి రిక్కించుకుని వింటూ కూర్చుంటే దాని బ్యాటరీ ఇట్టే అయిపోతుంది. అందుకని దానిలో పిలుపు పట్టే రిసీవర్‌ని నిద్రపుచ్చాలి. అది రెప్పపాటుకోసారి లేచి, పిలుపేమైనా ఉందా అని చూసి, లేకపోతే మళ్ళీ పడుకోవాలి. ఎంత నిద్రపోతే అంత పొదుపు. కానీ పిలుపు వచ్చినప్పుడు మాత్రం ఒళ్ళు విరుచుకుంటూ, ఆవులిస్తూ లేస్తే కుదరదు. మంట ఆగదు. ఇలా గాఢంగా పడుకోబెట్టి చప్పున లేపే విద్యలో క్లెమ్‌ని మించినవాడు ఆ కొండల్లో లేడని నెరిడా తండ్రి అనేవాడు. తండ్రి మాట కాదనలేక ఆమె చల్లటి టీ తాగుతూ వచ్చింది.

అసలు గొడవ కిందటి వసంతంలో వచ్చింది. కొండప్రాంతపు దళాలన్నిటికీ కొత్త పేజర్లు కొనాలని నగరంలోని ఆఫీసు నిర్ణయించింది. ఆ ఆర్డరు వస్తే వర్క్‌షాపు నిలుస్తుంది. రాకపోతే పేజర్లు విదేశాల నుంచి వస్తాయి, నెరిడా తలుపులు మూసుకుంటుంది. ముందు టెరింగీ దళానికి ఒక డజను ఇచ్చి చూడమన్నారు. కొన్నాళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా పిలుపు పంపించారు. పేజర్ మోగినవాళ్ళంతా దళం షెడ్డుకి పరుగెత్తుకు రావాలి.

అందరూ వచ్చారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడు కెప్టెన్ వాలీ. మనిషి వెళ్ళి చూస్తే ఇంటి వరండాలో పడక్కుర్చీలో హాయిగా గురక పెడుతున్నాడు. నా పేజర్ మోగలేదు మొర్రో అని వాలీ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. ఆ సాయంత్రం అతను పబ్బులో అడుగుపెట్టగానే బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళంతా కూడబలుక్కున్నట్టు గురక పెట్టారు. పాతికేళ్ళు కెప్టెన్‌గా చేసిన మనిషి గ్లాసు ముట్టకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు.

అదే సాయంత్రం క్లెమ్ తన అలవాటు ప్రకారం వాలీ ఇంట్లో లైట్లు ఆర్పడానికి వెళ్ళివచ్చాడు. మర్నాడు దళం షెడ్డులో అందరూ ఉండగా లేచి నిలబడ్డాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడగా ఊరు అంతకుముందు వినలేదు.

"వాలీ నిద్రపోలేదు. నా రిసీవర్ నిద్రపోయింది. తప్పు నాది. గురక పెట్టాలనుకున్నవాళ్ళు నాకు పెట్టండి."

అని, బయటికి పోతూ పోతూ, లోపల అంతమంది ఉన్నారన్న స్పృహ లేకుండా షెడ్డు దీపం ఆర్పేసి వెళ్ళాడు.

వాలీ మీద గురకలు ఆగిపోయాయి. కానీ క్లెమ్ మాట నగరంలోని ఆఫీసు దాకా పోయింది. తయారుచేసినవాడే తప్పు నాదంటే ఇక వాళ్ళేం అనాలి? ఇంకొక్క అవకాశం, వచ్చే వసంతంలో, అదే ఆఖరు అన్నారు. నెరిడాకి గోరుచుట్టు మీద రోకటిపోటయింది. ఆ పేజర్‌ని తెప్పించి తన బల్లమీద పెట్టుకుని పదేపదే పిలిచి చూసింది. పిలిచిన ప్రతిసారీ ఠంగున మోగింది.

"ఎక్కడుంది క్లెమ్ తప్పు?" అంది.

"రిసీవర్‌లో."

"రిసీవర్‌లో ఎక్కడ?"

"మొత్తం," అని కళ్ళు మూసుకున్నాడు.

మూసుకున్న కళ్ళు తెరిచాక ఆయన చెప్పిన మందు రోగం కన్నా ఘోరంగా ఉంది. ఈసారి పేజర్‌ని ఇంకా గాఢంగా నిద్రపుచ్చుతాడట. ఒక్క బ్యాటరీ మంటల కాలం పొడుగునా రావాలట. నెరిడాకి తలప్రాణం తోకకి వచ్చింది. లేవలేదనే కదా మనం పోయాం, ఇంకా నిద్రపుచ్చడమేమిటని అరిచింది.

"బ్యాటరీ అయిపోవస్తే ఇది కీచుమంటుంది," అన్నాడు క్లెమ్. "ఆ కీచు ఉండకూడదు."

"కీచుమంటేనే కదా మార్చుకునేది!"

"ఉండకూడదు."

ఆ కీచు సంగతి ఊరందరికీ తెలిసిందే. బ్యాటరీ తగ్గితే పేజర్ చిమ్మెటలా ఉండుండి కీచుమంటుంది. మార్చేదాకా ఆపదు. చిరాకే, కాదనదు నెరిడా. కానీ ఆర్డరు పోయే చోట చిరాకు గురించి ఎవరు ఆలోచిస్తారు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది ఆమె వాదన.

ఆ వేసవిలోనే క్లెమ్‌కి ఇంకో బుద్ధి పుట్టింది. ఇదివరకు ఎవరింటికి వెళ్ళినా స్విచ్చిలు ఆపేసి వచ్చేసేవాడు. టెరింగీలో పగలు తలుపులకి తాళాలు వేసుకోరు కనక ఆయనకి అడ్డు లేదు. ఇప్పుడు స్విచ్చిలయ్యాక నేరుగా వంటింట్లోకి నడిచి, అలమర తెరిచి, బిస్కెట్ల డబ్బా మూత తీసేవాడు. ఒక బిస్కెట్ తీసుకుని, మూత పెట్టి, బాగున్నాయి అని వెళ్ళిపోయేవాడు. ఊళ్ళో దళంలో మనిషి ఉన్న ఏ ఇల్లూ వదల్లేదు.

ఫిర్యాదులు నెరిడా దగ్గరికి వచ్చాయి. క్లెమ్‌కి ఆమె యజమాని అన్న అపోహ ఊరికి ఇంకా ఉంది. ఒకావిడ తను పేజర్ పెట్టుకున్న చోటు కూడా క్లెమ్ మార్చేశాడంది. ఇంకొకావిడ తన పేజర్‌లో ఎవరో కొత్త బ్యాటరీ వేశారని, వేసినవాళ్ళు చెప్పి వేస్తే ఏం పోయిందని అడిగింది. బిస్కెట్ల బాధలో నెరిడా ఆ రెండు మాటలూ పట్టించుకోలేదు.

"మీకు షుగరు కదా," అంది క్లెమ్‌తో. "టీలో పంచదార వేసుకోరు. ఊరి బిస్కెట్లన్నీ ఎలా తింటున్నారు?"

"అన్నీ కాదు. ఇంటికి ఒకటి."

డస్టీ మాత్రం ఆ వేసవిలో గుండ్రంగా తయారైంది. గొర్రెల వెంట పరుగెత్తవలసిన జాతి కుక్క, వర్క్‌షాపు గడప దాటడానికి ఒకసారి ఆగి ఆలోచించుకునేది. పశువుల డాక్టరు దానికి పథ్యం రాసిచ్చాడు. కుక్కకి తిండి తగ్గించి తను బిస్కెట్లు మేస్తున్నాడు చూడండి అని ఊరు ముక్కున వేలేసుకుంది.

అక్కడ నడివేసవిలో వచ్చే క్రిస్మస్‌కి ఇంకా విడ్డూరం. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఏమీ ఇవ్వని క్లెమ్ ఇంటింటికీ బహుమతి పంచాడు. ఐస్‌క్రీమ్ అయిపోయాక కడిగి ఆరబెట్టిన ప్లాస్టిక్ డబ్బాలవి. బిస్కెట్లు పెట్టుకోండి అని ఇచ్చి, బదులుగా వాళ్ళ రేకు డబ్బాలు పట్టుకుపోయాడు. తాతల నాటివి, రాజుల బొమ్మలున్నవి, పెళ్ళిళ్ళకి వచ్చినవి. ఎందుకని అడిగితే రేకులో బిస్కెట్లు మెత్తబడతాయన్నాడు. రేకులో కన్నా ప్లాస్టిక్‌లో నిలవ ఉంటాయని చెప్పిన మనిషి ప్రపంచంలో క్లెమ్ ఒక్కడే అయి ఉంటాడు. నెరిడా వెళ్ళి ఆయన ఇంటి షెడ్డులో చూస్తే గోడవారంట రేకు డబ్బాలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. ఇక ఈయనకి మతి చలించిందని ఆమె నిశ్చయించుకుంది.

శీతాకాలం వచ్చేసరికి పేజర్ నిద్ర నేర్చింది. మామూలు నిద్ర కాదు, కుంభకర్ణుడి నిద్ర. ఒక్క బ్యాటరీ మంటల కాలమంతా వచ్చేలా ఉంది. అయితే లేపినప్పుడు అది నిలదొక్కుకునే లోపల మొదటిమాట గాలిలో కలిసిపోయేది. దళం పిలుపులో మొదట చెప్పేది రోడ్డు పేరే. నెరిడా అవతలి గదిలోంచి మైకులో పలికి, ఇవతలికి వచ్చి పేజర్ ఏమందో వినేది.

"మంట ఉందంటోంది. గడ్డివాములు కాలుతున్నాయంటోంది. ఏ రోడ్డులోనో చెప్పట్లేదు," అంది. "బాగుంది క్లెమ్. అందరం కొండెక్కి పొగ ఎటుందో వెతుక్కుందాం."

లోపల గడియారంలా కొట్టుకునే క్రిస్టల్ అనే చిన్న స్ఫటికంతో వచ్చింది తంటా. దాని తాళం కుదిరితే తప్ప రిసీవర్‌కి పాట అందదు. పూర్తిగా ఆపేస్తే మళ్ళీ కుదురుకోవడానికి సమయం పడుతుంది. ఆపకపోతే బ్యాటరీ తాగేస్తుంది. క్లెమ్ అన్నీ ఆపేవాడే కాని, సగం ఆపడం ఆయన రక్తంలో లేదు. వారాలు గడిచాయి. ఆయన కుర్చీలో కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఆలోచిస్తున్నాడో నిద్రపోతున్నాడో చెప్పగలిగింది డస్టీ ఒక్కటే, అది చెప్పదు.

ఒక సాయంత్రం నెరిడా ఇంటికి బయల్దేరే ముందు కెటిల్ పెట్టుకుంది. వెనక్కి తిరిగేలోగా అది ఆగిపోయింది. క్లెమ్ మాత్రం పొయ్యి దగ్గర వంగి, ఎర్రటి నిప్పుల మీద బూడిద కప్పుతున్నాడు. ఏళ్ళ తరబడి ప్రతి సాయంత్రం చేస్తున్న పనే. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"నా కెటిల్ ఆపారు. ఆర్గన్ ఆపారు. వాలీ బండి ఆపారు. ఈ పొయ్యి మాత్రం ఎందుకు ఆర్పరు? దీనికి మీకేం చుట్టరికం?"

"పూర్తిగా ఆర్పితే పొద్దున్నే అంటుకోవడానికి గంట పడుతుంది," అన్నాడు క్లెమ్. "బూడిద కప్పితే ఒక్క ఊదుకి..."

అని ఆగిపోయాడు. చేతిలో పార అలాగే ఉంది. రెండు కళ్ళూ తెరిచి ఉన్నాయి, అది అరుదు. పార కింద పెట్టి, బల్ల దగ్గరికి నడిచి, దీపం వేసుకున్నాడు. ఆయన దీపం వేయడం నెరిడా అదే మొదటిసారి చూసింది.

నివురుగప్పిన నిప్పే చేశాడు దాన్ని. తక్కిన రిసీవర్ అంతటినీ ఆర్పేసి, ఆ క్రిస్టల్‌ని మాత్రం ఆరీ ఆరనట్టు, చిటికెడు కరెంటు మీద నిలబెట్టాడు. పిలుపు రాగానే ఒక్క ఊదు, అంతే. ఆ వారం చివర నెరిడా మైకులో మిల్ రోడ్డు అంటే పేజర్ మిల్ రోడ్డు అనే అంది. బ్యాటరీ లెక్క చూస్తే కాలమంతా వస్తుంది, కీచు మాటే లేదు. ఆమెకి సంతోషం వేసింది, వేసినందుకు కోపం వచ్చింది. మీ పొయ్యి తెలివి నేను తిట్టేదాకా ఎక్కడ పెట్టారని అడిగింది. బూడిద కింద అన్నాడు.

వసంతం వచ్చింది. రోడ్ల మీద, గూళ్ళు కాచుకునే మాగ్‌పై పిట్టలు పోయేవాళ్ళ తలలు పొడుస్తున్నాయి, పరీక్ష ఫలానా వారంలో అని ఆఫీసు చెప్పింది, ఏ రోజో చెప్పలేదు. ఈసారి నెరిడా ఎవరి మాటా నమ్మదలుచుకోలేదు. కిందటిసారి లేవని పేజర్ వాలీది కనక వాలీ ఇంట్లోనే మకాం వేసింది. వాలీ భార్య బెరిల్‌కి అతిథి దొరికితే పండగ. మాంసం కూరిన వేడి వేడి పాస్టీలు, పూర్తిగా మరిగిన టీ. వారం మధ్యకి వచ్చేసరికి నెరిడా బట్టలు నడుము దగ్గర బిగువయ్యాయి.

గురువారం మధ్యాహ్నం వాలీ వరండాలో కునుకు తీస్తున్నాడు. నెరిడా వంటింట్లో బెరిల్‌తో కూర్చుని ఉంది. ఉన్నట్టుండి అలమరలోంచి గట్టిగా మోత, వెంటనే స్పష్టంగా మాట: "మిల్ రోడ్డు. దళం పరీక్ష. అందరూ షెడ్డుకి రావాలి."

వాలీ ఒక కాలికే బూటుతో వంటింట్లోంచి దూసుకుపోయాడు. బండి బయల్దేరిన చప్పుడైంది. నెరిడా లేచి అలమర తెరిచింది. క్లెమ్ ఇచ్చిన ఐస్‌క్రీమ్ డబ్బా. మూత తీస్తే ఓట్స్ బిస్కెట్లు. బిస్కెట్ల కింద పేజర్.

"అదా," అంది బెరిల్ తాపీగా. "మధ్యాహ్నం ఆయన పడుకుంటే నేనే అందులో పడేస్తానమ్మా. పాతది కీచు కీచుమని ప్రాణం తోడేసేది కదా. అప్పటి అలవాటు పోలేదు."

నెరిడా బిస్కెట్ల కిందినుంచి పేజర్‌ని బయటికి తీసింది. "అప్పుడు ఎందులో పెట్టేవారు?"

"మా అత్తగారి రేకు డబ్బాలో. ఆ మూత బిగిస్తే ఒక్క చప్పుడు బయటికి రాదు. ఎంత హాయో."

చప్పుడు బయటికి రాదు నిజమే. రేడియో లోపలికి కూడా పోదు. గట్టి మూతున్న రేకు డబ్బాలో పెడితే ఎంత గొప్ప రిసీవరైనా సమాధిలో ఉన్నట్టే. నెరిడాకి ఇది పలక పట్టినప్పటి నుంచీ తెలుసు. ఊళ్ళో ఎవరికీ తెలియవలసిన పని లేదు.

"కిందటిసారి పరీక్షనాడు?" అని అడిగింది.

"ఆ రోజూ అందులోనే ఉంది. పాడైన పేజర్ ఎక్కడుంటే ఏం? క్లెమ్ చెప్పాడుగా." బెరిల్ టీ పోసింది. "ఆ సాయంత్రం వచ్చి డబ్బా మూత తీశాడు. లోపలికి చూశాడు, నా మొహంలోకి చూశాడు. ఒక బిస్కెట్ తీసుకుని, బాగున్నాయి బెరిల్ అన్నాడు. పాపం షుగరు మనిషి, గుమ్మం దాటగానే కుక్కకి పెట్టేశాడు. నేను కిటికీలోంచి చూశాలే."

నెరిడా డబ్బాకి మూత తిరిగి పెట్టింది. ఊళ్ళో ఎవరెవరి డబ్బాల్లో పేజర్లు దొరికాయో, ఎవరి బ్యాటరీలు చెప్పకుండా మారాయో, రేకు డబ్బాలన్నీ క్లెమ్ షెడ్డుకి ఎందుకు చేరాయో, డస్టీ ఎందుకు గుండ్రంగా అయిందో అన్నీ వరసపెట్టి అర్థమయ్యాయి. ఏడాదిగా తను తిట్టిన తిట్లు కూడా అదే వరసలో గుర్తుకొచ్చాయి.

షెడ్డు దగ్గర డజను మందీ వచ్చి నిలబడ్డారు. వాలీ రెండో కాలికి బూటు ఎవరో తెచ్చి ఇచ్చారు. ఎవరూ గురక పెట్టలేదు సరికదా, వీపులు చరిచారు. నెరిడా బెరిల్‌ని వెంటబెట్టుకుని వచ్చేసరికి సాసేజీలు పెనం మీదికి ఎక్కుతున్నాయి. నగరం నుంచి వచ్చిన అధికారిణి మిసెస్ కొలివాస్ ఒక్కొక్కటిగా అందరి పేజర్లూ చూసి, చివరికి నెరిడా దగ్గరికి వచ్చింది. మనిషి మెత్తనే కాని, ప్రశ్న మెత్తన కాదు.

"అంతా బాగుంది. ఒక్కటే అడగాలి. కిందటిసారి ఏం జరిగింది? కారణం తెలియకుండా నేను సంతకం పెట్టలేనండి. కొండమీద మనుషుల ప్రాణాలు ఇవి."

నెరిడా నోరు తెరిచింది. ఉన్నది చెప్తే చాలు. రిసీవర్‌లో ఏ లోపమూ లేదు, ఎవరో దాన్ని రేకు డబ్బాలో పెట్టి మూత బిగించారు. వర్క్‌షాపు పేరు కడిగినట్టు శుభ్రమవుతుంది, ఆర్డరు చేతిలో పడుతుంది. మూడడుగుల అవతల బెరిల్ పళ్ళెంలో బిస్కెట్లు పంచుతోంది. ఆ పక్కన వాలీ, ఏడాది తర్వాత, తల ఎత్తుకుని నవ్వుతున్నాడు. మూలన కుర్చీలో క్లెమ్ కళ్ళు మూసుకుని చేతులు కట్టుకుని ఉన్నాడు.

"తప్పు రిసీవర్‌దేనండి," అంది నెరిడా. "ఊరికే కీచుమని మనుషుల్ని విసిగించేది. విసిగిస్తే జనం దాన్ని దూరంగా పెడతారు. దూరంగా పెడితే వినపడదు. ఇప్పుడది విసిగించదు. ఎక్కడ పెట్టుకున్నా, ఎన్నాళ్ళు పెట్టుకున్నా నోరెత్తదు, పిలిచినప్పుడు తప్ప. కావాలంటే ఇంటింటికీ వెళ్ళి చూడండి, ఈ ఊళ్ళో దాన్ని ఎక్కడ పెట్టినా మోగుతుంది."

మిసెస్ కొలివాస్ కలం తీసింది. పేజర్లు చేసేవాళ్ళు బ్యాటరీల గురించి, దూరాల గురించి చెప్తారు కాని మనుషుల విసుగు గురించి చెప్పగా వినలేదని, అది వినవలసిన సంగతేనని అని, సంతకం పెట్టేసింది.

మూలన ఒక కన్ను తెరుచుకుంది.

నెరిడా వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. పొగడాలో తిట్టాలో తేలక, తెలిసిన పనే చేసింది.

"నాకైనా చెప్పొచ్చు కదా. ఏడాదంతా మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టాను."

"నువ్వు గట్టిగా తిడతావు అమ్మాయ్," అన్నాడు క్లెమ్. "అందుకే ఊరంతా నమ్మింది."

"మరి ఆ తప్పు మీ నెత్తిన ఎందుకేసుకున్నారు? రిసీవర్ బాగానే ఉంది కదా."

"బాగుంటే బెరిల్ దాన్ని డబ్బాలో ఎందుకు పెడుతుంది?" అని కన్ను మూసుకున్నాడు.

అప్పుడే మిసెస్ కొలివాస్ సాసేజీ కొరికి, నమలడం ఆపి, దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. లోపలంతా పచ్చిగా ఉంది. నెరిడా పెనం వైపు చూసింది. గ్యాసు ఆపేసి ఉంది. షెడ్డులో అందరూ ఒక్కసారిగా కుర్చీ వైపు తిరిగారు.

"వాటి దగ్గర ఎవరూ లేరు," అన్నాడు క్లెమ్ కళ్ళు తెరవకుండానే.

నెరిడా లేచి గ్యాసు మళ్ళీ వెలిగించింది. ఆ రోజు ఆయన్ని తిట్టలేదు. పచ్చి సాసేజీలు నాలుగు డస్టీకి పెట్టింది. డస్టీ తోక ఊపడం మొదలుపెట్టింది. తినడం అయిపోయాక కూడా, ఏ పనీ లేకుండా, ఊరికే ఊపుతూనే ఉంది. టెరింగీ మొత్తంలో క్లెమ్ ఆపకుండా వదిలేసింది ఆ తోక ఒక్కటే.